బజారులో రెండో దీపావళి

సిద్దిపేట బట్టల బజారులో కాశీనాథం రెండు సంగతులు బల్ల గుద్ది చెప్పేవాడు. ఒకటి, తన కొట్లో కొలత తగ్గదని. రెండు, తన గడియారం తప్పదని. మొదటిదాని మీద బజారులో వేరే అభిప్రాయాలు ఉండేవి. రెండోదాని మీద మాత్రం ఎవరూ నోరెత్తేవారు కాదు. ఎత్తినవాణ్ణి ఆయన అరగంటదాకా కదలనిచ్చేవాడు కాదు మరి.

పోలీసు యాక్షన్‌కు రెండేళ్ల ముందు మాట ఇది. అప్పటికి ఊళ్లో కరెంటు రెండు వీధులకే. ఒక మిల్లాయన వడ్లు ఆడించుకోవడానికి పెట్టుకున్న ఆయిల్ ఇంజనుకు కరెంటు పుట్టించే యంత్రాన్ని తగిలించి, బజారు దుకాణాలకు తీగలు లాగి ఇచ్చాడు. బల్బు వెలగడమే వింతైన ఆ రోజుల్లో కాశీనాథం బొంబాయి నుంచి కరెంటు గడియారం తెప్పించి గోడకు తగిలించాడు. దానికి చావి ఇచ్చే పని లేదు. టిక్కుటిక్కు మనదు. సెకన్ల ముల్లు ఆగి ఆగి గెంతకుండా, నెయ్యి జారినట్టు జారుతూ పోతుంది.

"చావి గడియారం మనిషసొంటిది. తిన్నప్పుడు ఉరుకుతది, ఆకలైతె నిలబడ్తది. గిది కరెంటు. కరెంటుకు ఆకలెక్కడిది?" అనేవాడు వచ్చినవాళ్లతో.

తాలూకా కచేరి ముందు పహరా జవాను రాత్రీ పగలూ గంటగంటకూ ఇత్తడి బిళ్ల మీద గంటలు కొట్టేవాడు. రోజూ పగలు పన్నెండింటి వేళకు కాశీనాథం గద్దె దిగి గడియారం కింద నిలబడేవాడు. రెండు ముళ్లూ ఒకటి కాగానే మొదటి గంట వినబడేది. "సూసిన్రా?" అని కొట్లో వాళ్ల వైపు తిరిగేవాడు. చీర బేరం చేస్తున్న ఆడవాళ్లు ఏం చూడాలో తెలియక చేతిలోని చీరనే ఇంకోసారి చూసేవారు.

రాత్రి తొమ్మిది గంటలు మాత్రం ఆయన గడియారం కంటే అయిదారు నిమిషాల ముందే మోగేవి. అందుకూ ఆయన దగ్గర కారణం ఉంది. రాత్రి పహరావాడికి ధ్యాసంతా అన్నం గిన్నె మీద ఉంటుంది, అందుకే తొందరపడి కొట్టేస్తున్నాడని తేల్చేశాడు. తన గడియారాన్ని అనుమానించాలన్న ఆలోచన ఆయనకు కలలో కూడా రాలేదు.

ఆ ఏడు దీపావళికి కూతురు సుశీల తొలి కాన్పుకు పుట్టింట్లో ఉంది. ఆమెను బెజ్జంకిలో వ్యాపారం చేసే రాజమల్లయ్య కొడుకు దామోదర్‌కు ఇచ్చారు. పండుగనాడు దుకాణంలో లక్ష్మీపూజ ముగిసేసరికి సుశీలకు పొద్దుటినుంచి సన్నగా ఉన్న నొప్పులు ఎక్కువయ్యాయి. మంత్రసాని పోచవ్వ వచ్చి, దుకాణాన్ని ఆనుకుని ఉన్న ఇంట్లో వెనక గదిలో చేరింది. కాశీనాథం భార్య కౌసల్యమ్మ వేడినీళ్లు మోస్తూ ఇటూ అటూ తిరుగుతోంది. మగవాడు చేసే పని ఏదీ లేదు కాబట్టి కాశీనాథం దుకాణంలోకి వచ్చి గడియారం కింద నిలబడ్డాడు.

బయట బజారంతా జాతరలా ఉంది. ఆ ఒక్క రాత్రి ఎవరెన్ని బల్బులైనా పెట్టుకోండని మిల్లాయన సెలవిచ్చాడు. దుకాణదారులు ఒకరిని చూసి ఒకరు బల్బుల దండలు కట్టారు. కాశీనాథం తన ఒక్క దుకాణానికే నలభై కట్టాడు. అన్ని బల్బులు వెలిగేసరికి ఏ బల్బులోనూ తెలుపు లేదు, అన్నీ పండుమిరపకాయల్లా ఎర్రబడ్డాయి. అదీ ఒక అందమే అనుకున్నారు అందరూ. పటాకుల మోతలో పక్కమనిషి మాట వినబడడం లేదు.

ఆ మోత మధ్య వెనక గదిలోంచి పసిగొంతు వినబడింది. కాశీనాథం తల ఎత్తి చూశాడు. ఎనిమిది ముప్పై ఒకటి. ఏ దేవుడికీ దణ్ణం పెట్టకముందే కాగితం మీద ఆ అంకె వేసుకున్నాడు. మగపిల్లవాడని కౌసల్యమ్మ వచ్చి చెప్పింది ఆ తర్వాత.

మర్నాడే బెజ్జంకికి ఉత్తరం పోయింది. "తల్లీ పిల్లవాడూ క్షేమం. శిశువు రాత్రి ఎనిమిది గంటల ముప్పై ఒక్క నిమిషానికి భూమ్మీద పడినాడు. ఇది కచేరి గంటను బట్టి రాసింది కాదు, చావి గడియారాన్ని బట్టి రాసింది కాదు. బొంబాయి కరెంటు గడియారం. ఒక్క నిమిషం అటూ ఇటూ ఉండదు." చివరి వాక్యం కింద ఆయన రెండు గీతలు గీశాడు.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. 

"ఆనాడు ఎనిమిది నలభై దాకా అమావాస్య ఉన్నదని మా సిద్ధాంతి చెప్పినారు. తొలిచూలు మగపిల్లవాడు అమావాస్య ఘడియల్లో పుడితే తండ్రికి ప్రాణగండం. తండ్రి ఆ శిశువు ముఖం చూడరాదు. పిల్లలు లేక అల్లాడే దంపతులు మా ఎరుకలో ఉన్నారు, వారికి పెంపునకు ఇచ్చేద్దాము. ఇరవై ఒకటో దినం దాటినాక కోడలిని పంపండి. మీ గడియారం నిమిషం కూడా తప్పదని మీరే రాసినందువల్ల సందేహానికి తావు లేకపోయింది."

ఆడపిల్ల పుట్టి ఉంటే దీపావళి లక్ష్మి వచ్చిందని ఊరంతా బెల్లం పంచేవారు. మగవాడై పుట్టడం వాడి కర్మ. లోకం తీరు అలాగే ఉంటుంది, దానికి లెక్క అడగకూడదు.

సుశీలకు ఎలా చెప్పాలో తెలియక కాశీనాథం రెండుసార్లు గుమ్మందాకా వెళ్లి తిరిగి వచ్చాడు. మూడోసారి కౌసల్యమ్మే ఉత్తరం లాక్కుని చెప్పేసింది. సుశీల ఏడవలేదు. పిల్లవాణ్ణి గుండెకు ఇంకొంచెం దగ్గరగా జరుపుకొంది.

"బాపూ, నువ్వు కాయిదంల ఏం రాసినవ్?" అని అడిగింది.

"ఉన్నది ఉన్నట్టె రాసిన బిడ్డా."

"పది నిమిషాలు ఎక్వ రాస్తె ఏం బోతుండె?"

"అబద్దం ఎట్ల రాస్త?"

"నిజం రాసి ఏం దెచ్చినవ్ మరి?"

 తన గొప్ప కోసం రాసిన మూడు అంకెలు మనవడి మెడకు ఉరితాడయ్యాయని కాశీనాథానికి అప్పుడు తెలిసింది.  అమావాస్య ఎప్పుడు పోతుందో పంచాంగంలో చూసి రాసి ఉంటే? అసలు నిమిషం రాయకపోతే? పొద్దుపోయిన వేళ అని రాసి ఊరుకున్న తాతలు లోకంలో లేరా?

పిల్లవాడికి నూనె రుద్దడానికి వచ్చిన పోచవ్వ గోడ పక్కన కూర్చుని ఇదంతా విన్నది. ఆమె ఆ ఊళ్లో సగంమందిని భూమ్మీదికి తెచ్చిన మనిషి.

"ఎనిమిదిన్నరనా? ఎవలన్నరు?" అంది.

"నా గడియారం అన్నది," అన్నాడు కాశీనాథం.

"గడియారం పురుడు వోసిందా? పోసింది నేను. ఇనుండ్రి సేటు. పిల్లగాడు పడ్డడు. బొడ్డు గోసిన. ఇగ మాయ కోసం కూసున్న. మాయ పడంగనె కచేరి గంటలు తొమ్మిది కొట్టిన్రు. పటాకుల మోతల గూడ వేళ్ల మీద లెక్కవెట్టిన. పిల్లగాడు పడ్డంక పది నిమిషాలకు మాయ పడాలె. ఎక్వంటె పావుగంట. ఎనిమిదిన్నరకు పిల్లగాడు పడితె, తొమ్మిదింటికి మాయ పడితె, అరగంటాయె. అరగంట మాయ పడకుంటె నేను గట్ల సల్లగ కూసుంటనా? మిమ్ముల దవాఖానకు ఉరికిస్తుంటి."

"రాత్రి పహరావాడు ముందుగాల కొడ్తడు పోచవ్వా. అయిదారు నిమిషాలు."

"అయిదారు దీస్తె ఎంత? ఇరవై నాలుగాయె. గప్పుడు గూడ నేను ఉరికిస్తుంటి," అంది పోచవ్వ, పిల్లవాడి కాళ్లు సాగదీస్తూ.

కాశీనాథం లెక్క వేసుకున్నాడు. పోచవ్వ అబద్ధం చెప్పే మనిషి కాదు, చెప్పి ఆమె కట్టుకుపోయేదీ లేదు. గంట కొట్టే జవానుకు తన మనవడు ఎప్పుడు పుడితే ఏమిటి? ఇక మిగిలింది గోడమీద గడియారం. అది రోజూ పగలు పన్నెండింటికి కచేరి గంటతో తు.చ. తప్పకుండా కలుస్తోంది. నిన్న కలిసింది, ఇవాళ కలిసింది. నిన్నటికీ ఇవాళ్టికీ సరిగ్గా ఉన్నది నడుమ ఎలా తప్పుతుంది?

ఆ సాయంత్రం ఆయన బేరాలు మానేసి గడియారం ఎదుట బల్ల వేసుకుని కూర్చున్నాడు. కచేరి గంట ఆరు కొట్టింది. గడియారంలో సరిగ్గా ఆరు. ఏడు కొట్టింది. గడియారంలో ఏడుకు రెండు నిమిషాలు తక్కువ. ఎనిమిది కొట్టింది. నాలుగు తక్కువ. తొమ్మిది కొట్టింది. ఆరు తక్కువ. అన్నం గిన్నె మీద ధ్యాస ఉన్నవాడైతే ఒక్క తొమ్మిదింటికే తొందరపడాలి కదా, గంటగంటకూ రెండేసి నిమిషాలు ఎందుకు తొందరపడతాడు? పోనీ గడియారమే వెనకబడింది అనుకుందామా అంటే, తెల్లవారి ఆరింటికి లేచి చూస్తే మళ్లీ గంటా గడియారమూ కవలపిల్లల్లా కలిసే ఉన్నాయి. రాత్రి పోయిన ఆరు నిమిషాలు ఎటు పోయాయి? తెల్లవారేసరికి ఎక్కడినుంచి వచ్చాయి? దొంగ సొమ్ము తెచ్చి మళ్లీ పెట్టెలో పెట్టిపోతాడా ఎక్కడైనా?

మొహం కడుక్కోకుండానే ఆయన మిల్లుకు బయల్దేరాడు. కరెంటు పుట్టేది అక్కడ కాబట్టి, కరెంటు గడియారం గుట్టు కూడా అక్కడే ఉండాలని ఆయన లెక్క.

ఇంజను నడిపేవాడు దేవదాసు. చేతులకూ చెవులకూ నూనె మరకలున్న మనిషి. కాశీనాథాన్ని చూడగానే భయపడి లేచాడు. ఏడాది కిందట ఇదే సేటు, కొత్త గడియారం వెనకబడితే తప్పంతా కరెంటుదేనని ఇక్కడికి వచ్చి, మిల్లాయన ఎదుట తనను తిట్టిన తిట్లు అతను మరిచిపోలేదు.

"మల్ల ఏమైంది సేటు? ఇప్పుడు పొద్దుగాల మంచిగనె ఉంటుందిగద గడియారం?"

"పొద్దుగాల మంచిగుంటది. రాత్రి ఉంటలేదు. గదేందో జెప్పు."

దేవదాసు ఇంజను వైపు చూపించాడు. పెద్ద ఇనప చక్రం గుడగుడమంటూ తిరుగుతోంది.

"మీ గడియారంల స్ప్రింగు లేదు సేటు. దానికి టైము తెల్వది. నా ఇంజను ఎన్ని సుట్లు తిరిగితె మీ ముల్లు గంత జరుగుతది, గంతె. కరెంటు సెకనుకు యాభైసార్లు అటు ఇటు ఊగుతది. యాభై ఊగితె సెకను అయిందనుకుంటది మీ గడియారం. పొద్దుమూకి దుకాణాలల్ల బల్బులేస్తరుగద, ఇంజనుకు బరువైతది. బస్తాలు ఎక్వేస్తె ఎడ్లు మెల్లగ నడుస్తయి సూడుండ్రి, గట్లనె. సెకనుకు నలభై ఎనిమిదే ఊగుతది. గడియారానికి గది ఎర్కలేదు. యాభై అయ్యేదాంక సెకను కాలేదనె అనుకుంటది."

 ఏడాదిగా కాశీనాథం తాను సూర్యుడిని చూస్తున్నానని అనుకున్నాడు. చూస్తున్నది దేవదాసు ఇంజనునట.

"మరి పొద్దుగాలకు ఎట్ల సక్కగైతది?"

దేవదాసు నవ్వాలో వద్దో తెలియక తల గోక్కున్నాడు. "గది మీరు జేసిన లొల్లికే సేటు. పోయినేడు మీ గడియారం రోజుకింత వెనక వడ్తుందని వచ్చి లొల్లి జేస్తిరి. మా సేటు పరేషానై, మీ అసొంటి గడియారమె ఇంకోటి తెప్పిచ్చి గీడ వెట్టిండు. దాని పక్కకు చావి గడియారం వెట్టిండు. తెల్లారేవరకు రెండు ఒక్కటి కావాలె, లేకుంటె నీ నౌకరి పోతదన్నడు. అందరు దీపాలు బందు వెట్టి పండుకున్నంక నేను ఇంజనును ఇంత జోరుగ నడిపిస్త. పోయిన నిమిషాలు పొద్దటికి జమైతయి."

గోడమీద రెండు గడియారాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి టిక్కుటిక్కుమంటోంది, ఒకటి జారుతోంది.  కాశీనాథం తాను చేసిన గొడవ వల్లే తన గడియారం పగటిపూట పతివ్రత వేషం వేసిందన్నమాట. తప్పు కళ్లపడే వేళకల్లా దాన్ని దిద్దేసే ఏర్పాటు తానే చేసుకున్నాడు. ఇంకెవరినీ తిట్టడానికి లేకపోయింది.

ఇంటికి వచ్చి బెజ్జంకికి ఇంకో ఉత్తరం రాశాడు. తన గడియారం తప్పు నడుస్తుందని సొంత చేత్తో రాయడానికి ఆయనకు మూడు కాగితాలు ఖర్చయ్యాయి.

పదిహేడో రోజున రాజమల్లయ్య కొడుకును వెంటబెట్టుకుని కచ్చరం బండిలో దిగాడు. దామోదర్ ముందు అరుగు మీదే కూర్చున్నాడు. గుమ్మం దాటొద్దని తండ్రి ఆన. లోపల పిల్లవాడు ఏడ్చినప్పుడల్లా అతను తల తిప్పి గోడ వైపు చూస్తున్నాడు, మళ్లీ వీధి వైపు తిప్పుకుంటున్నాడు. పెద్దల ఎదుట నోరు తెరిచే అలవాటు లేని పిల్లాడు.

"ఏం బావా," అన్నాడు రాజమల్లయ్య మజ్జిగ తాగి, "మనుమడు పుట్టిన్నాడు నిమిషం తప్పని గడియారం, నా ఉత్తరం రాంగనె తప్పిందా?"

కాశీనాథం ఎడ్లు, బస్తాలు, యాభై ఊగులు అన్నీ చెప్పాడు. తనకు సరిగ్గా అర్థం కానిది ఇంకొకరికి చెప్పడం వల్ల ఎడ్లు ఊగాయి, బస్తాలు సెకన్లయ్యాయి. రాజమల్లయ్య సగంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు గవన్ని తెల్వయి. కండ్లకు సూపియ్యి. కచేరి గంటను నేను నమ్ముత. రాత్రి తొమ్మిది గొట్టినప్పుడు నీ గడియారం ఎంత తక్వుంటదో సూద్దాం."

ఆ రాత్రి వియ్యంకులిద్దరూ గడియారం ఎదుట బల్ల మీద కూర్చున్నారు. తొమ్మిది గంటలు మోగాయి. గడియారంలో తొమ్మిదికి ఆరు నిమిషాలు తక్కువ.

"ఆరు," అన్నాడు రాజమల్లయ్య. "ఎనిమిది ముప్పై ఒకటికి ఆరు గలిపితె ముప్పై ఏడు. అమావాస్య నలభై దాంక ఉన్నది. ఇంక మూడు నిమిషాలు తక్వబడ్డది బావా."

మూడు నిమిషాలు. కాశీనాథం తల ఎత్తి గడియారం చూశాడు. ముల్లు మాత్రం నెయ్యిలా జారుతూనే ఉంది. పోచవ్వ లెక్క ప్రకారం పద్దెనిమిదో ఇరవయ్యో తేడా ఉండాలి. దేవదాసు చెప్పిందాని ప్రకారం తేడా ఉండాలి. ఉంది కూడా, కాని చాలలేదు. అయితే పోచవ్వ వేళ్లు తప్పు లెక్కపెట్టాయా? దేవదాసు తన నౌకరీ కోసం కథ అల్లాడా? లేక నిజంగానే వాడు అమావాస్యలోనే పుట్టాడా, తాను మనవడి మీద ప్రేమతో చుక్కల లెక్కను పట్టుకుని వంచుతున్నాడా? ఎటు ఆలోచించినా దారి మూసుకుపోతోంది. తన కూతురి ఒళ్లోంచి పిల్లవాణ్ణి ఎవరో ఎత్తుకుపోతున్నట్టు కళ్లముందు కనబడి, ముసలాయన దుకాణం చీకట్లో బట్టల తాను మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తెల్లవారి పోచవ్వ వచ్చినప్పుడు, తప్పు చేసినవాడిలా వెళ్లి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"పోచవ్వా, నీకు గంటలు సక్కగనె ఇనవడ్డయా?"

"ఎన్నిసార్లు జెప్పాలె సేటు? ఇనవడ్డయి. కండ్లకే మంచిగ కనవడలె. నీ బల్బేమొ నిప్పు రవ్వంత ఉండె. బొడ్డు కొయ్యనీకె కందిలి అంటిచ్చి దెమ్మని కౌసల్యమ్మను మొత్తుకున్న."

కాశీనాథం కూర్చున్నవాడు చటుక్కున లేచాడు. నిప్పు రవ్వంత. నిన్న రాత్రి బల్బు అంత ఎర్రగా లేదు. నిన్న ఆయన దుకాణంలో వెలిగింది ఒక్కటే బల్బు. దీపావళినాడు నలభై. పక్క దుకాణంలో ముప్పై. ఎదుటి దుకాణంలో, ఈయన నలభై కట్టాడని తెలిసి, నలభై అయిదు. ఎడ్ల మీద ఆ రాత్రి పడినన్ని బస్తాలు నిన్న ఎవరు వేశారు గనక?

ఆ పగలంతా ఆయన బజారులో దుకాణం దుకాణం తిరిగాడు. ఏడాదిపాటు ఎవరి గడియారాలను చూసి వెక్కిరించాడో ఆ గుమ్మాలన్నీ ఎక్కాడు.

"ఒక్క రాత్రి, దీపావళినాటి బల్బులన్ని మల్ల కట్టుండ్రి. అన్ని అవే ఉండాలె. ఒక్కటి తక్వ కావద్దు, ఒక్కటి ఎక్వ కావద్దు."

"ఏంది సేటు, కార్తీక పున్నమి గూడ పాయె, మల్ల దీపావళి వచ్చిందా? నీ గడియారంల తారీకులు గూడ ఉంటయా?" అన్నాడు ఇత్తడి సామాన్ల ఆయన.

"నా గడియారం తప్పు నడుస్తది. గది నలుగుర్ల సూపియ్యాలె," అన్నాడు కాశీనాథం.

ఇత్తడి సామాన్ల ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఏడాదిగా ఈ మాట కోసమే బజారంతా కాచుకుని ఉంది. తీరా వినేసరికి సంతోషం కలగలేదు. "పిల్లగాని కోసమా?" అని మెల్లగా అడిగి, లోపలికి వెళ్లి బల్బుల దండ తెచ్చాడు. ఆ తర్వాత ఎవరినీ రెండోసారి అడగాల్సిన పని పడలేదు. మిల్లాయన కూడా, నా ఇంజను ఏమవుతుందోనని సణిగి, సరే పొమ్మన్నాడు.

ఆరు గంటలకు కచేరి గంట మోగింది. గడియారంలో సరిగ్గా ఆరు. బజారంతా ఒక్కసారిగా బల్బులు వెలిగాయి, వెలుగుతూనే ఎర్రబడ్డాయి. పండుగ కాని నాడు పండుగేమిటని జనం వీధిలో చేరారు. మిల్లు వైపునుంచి వచ్చే ఇంజను చప్పుడు ముక్కుతూ మూలుగుతూ బరువెక్కింది. రాజమల్లయ్య బల్ల మీద కదలకుండా కూర్చున్నాడు. కాశీనాథం ముల్లు వైపు చూసే ధైర్యం లేక తన కాళ్ల వైపు చూస్తున్నాడు. గంట ఏడు కొట్టింది, ఎనిమిది కొట్టింది.  తేడా ఎంతో ఈయన అడగలేదు.

తొమ్మిది మొదలైంది. ఒకటి, రెండు, మూడు. జనం కూడా పైకి లెక్కపెడుతున్నారు. తొమ్మిదో దెబ్బకు రాజమల్లయ్య లేచి గడియారం దగ్గరికి వెళ్లి, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి చూశాడు.

"ఎనిమిది నలభై ఒకటి," అన్నాడు.

పంతొమ్మిది నిమిషాలు. ఆయన వేళ్లు మడిచి లెక్క వేశాడు. ఆ రాత్రి గడియారం ముప్పై ఒకటి అన్నప్పుడు అసలు వేళ యాభైకి అటూ ఇటూ. అమావాస్య పోయి అప్పటికి తొమ్మిది పది నిమిషాలు. మళ్లీ మొదటినుంచి వేశాడు. మూడోసారి వేయబోయి మధ్యలోనే లెక్క వదిలేశాడు. గట్టిమనిషి అనుకున్న రాజమల్లయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకు ఒక్కడె కొడుకు బావా," అన్నాడు. "భయపడ్డ. గంతె. నాకు మాత్రం మనుమడు వద్దా?" అని అరుగు వైపు తిరిగాడు. "దామోదర్, పో బిడ్డా. లోపలికి పో. సూసుకో నీ కొడుకును."

దామోదర్ కాళ్లు కూడా కడుక్కోలేదు. ఒక్క అంగలో గుమ్మం దాటాడు. కాశీనాథం వెనక గది వైపు చెవి వేశాడు.  తర్వాత అల్లుడి గొంతు వినబడింది.

"మామా, కనవడ్తలేదు. మొఖం కనవడ్తలేదు."

గదిలో బల్బు ఆరిపోయే నిప్పులా ఎర్రని తీగ ఒక్కటే చూపిస్తోంది. పద్దెనిమిది రోజులు ఎదురుచూసినవాడు చీకట్లో కొడుకును చేతుల్లో పెట్టుకుని తడుముకుంటున్నాడు. కౌసల్యమ్మ కందిలి కోసం పరుగెత్తింది. కాశీనాథం అంతదాకా ఆగలేదు. చెప్పులు లేకుండా, పైపంచ లేకుండా నడివీధిలోకి ఉరికాడు.

"బందు వెట్టుండ్రి! అందరు దీపాలు బందు వెట్టుండ్రి! మా అల్లునికి పిల్లగాడు కనవడ్తలేడు!"

మొదట తన నలభై తనే తీసేశాడు. ఇత్తడి దుకాణం ఆరింది. ఎదుటి నలభై అయిదు ఆరాయి. ఒక్కొక్క దుకాణమే చీకటవుతూ బజారు చివరిదాకా పోయింది. ఒక్కొక్కటి ఆరినకొద్దీ ఇంజను తేలికపడి గుడగుడమంటోంది. నల్లటి వీధిలో, కాశీనాథం ఇంటి పక్క సందులోంచి కనబడే వెనక గది కిటికీ ఒక్కటే ఎరుపునుంచి పసుపుకు, పసుపునుంచి తెలుపుకు తిరిగింది.

"బాపూ!" అని లోపలినుంచి దామోదర్ కేక వేశాడు, తన తండ్రిని. "బాపూ, వచ్చి సూడు, అచ్చం నీ ముక్కె!"

రాజమల్లయ్య పంచె ఎగ్గట్టి లోపలికి పరుగెత్తాడు. చీకటి బజారులో దుకాణదారులు తమ తమ మెట్ల మీద నిలబడి ఆ తెల్లటి కిటికీ వైపే చూస్తున్నారు. వాళ్ల నడుమ నిలబడి కాశీనాథం ఎవరికీ సిగ్గుపడకుండా ఏడ్చాడు.